రేకుల లైను జంగమ్మ ఆస్తిపాస్తులు

శంషాబాద్‌లో విమానం దిగి ఊళ్లోకి పోయేవాళ్లకు రోడ్డు మధ్యలో పచ్చటి గడ్డి, దాని అంచున ఎర్రపూల మొక్కలు కనిపిస్తాయి. చూసి ఆహా అనుకుంటారు. ఆ గడ్డిలో ముఖానికి కొంగు చుట్టుకుని, వంగి కలుపు తీసే ఏడెనిమిది మంది ఆడవాళ్లను మాత్రం ఇల్లు చేరేలోపే మరిచిపోతారు. 2012 ఎండాకాలంలో ఆ వరసలో చివరి మనిషి జంగమ్మ. చివర ఉండటానికి ఆమెకో కారణం ఉంది. ఆమె నడుముకు ఒక పాత చీర పేలిక కట్టి ఉండేది. ఆ పేలిక రెండో కొస మూడేళ్ల అక్షిత నడుముకు ఉండేది.

అక్షిత ఆమె కొడుకు కూతురు. కొడుకూ కోడలు మంజులా పుణెలో సెంట్రింగ్ పనికి పోయారు. పన్నెండో అంతస్తు మీద పనిచేసేవాళ్లు పసిదాన్ని ఎక్కడ పెట్టుకుంటారు? అందుకని అవ్వ దగ్గర వదిలారు. తాత ముత్తయ్య కందుకూరు దగ్గర ఒక ప్లాట్ల వెంచర్‌కు కాపలా. తేళ్లూ పాములూ తప్ప తోడు లేని చోటు అది. ఆయన ఆదివారం ఒక్క పూట ఇంటికొచ్చేవాడు. కాబట్టి ఆ పిల్లకు లోకమంటే ఆరు మూరల పేలిక ఎంతవరకు పోనిస్తే అంతే. పేలిక సాగినంత మేర పూలు తెంపేది, చీమల్ని పలకరించేది, విమానం తక్కువ ఎత్తులో పోతుంటే గడ్డి మీద జారిపోయే దాని నీడ వెంట పరిగెత్తేది. పేలిక లాగగానే జంగమ్మ నడుము అదిరేది. "ఓ పోరీ, నన్ను గూడ తోలుకపోతవా ఏంది!" అని అరిచేది.

జంగమ్మకు కోపం ఎక్కువ. కోపమొచ్చిన రోజు ఆమె కలుపును వేళ్లతో సహా పీకి, మన్ను దులిపి, పీకిందాన్ని ఇంకో రెండు తిట్లు తిట్టి గంపలో వేసేది. సూపర్‌వైజర్ యాదయ్యకు అందుకే ఆమె కోపమంటే మహా ఇష్టం. ఆ రోజు ఇద్దరు మనుషుల పని అయ్యేది. పని మందగిస్తే ఆయనే నెమ్మదిగా దగ్గరికొచ్చి, "అక్కా, మీ లైనుకు ఇయ్యాల ట్యాంకర్ రాలేదంట గదా" అని అంటించి పోయేవాడు.

లైను అంటే వాళ్లుండే వాడ. ఒక మట్టిరోడ్డుకు ఇటుపక్క రేకుల లైను, అటుపక్క డాబాల లైను. రేకుల లైనులో అంతా పాలమూరు వాళ్లు. డాబాల లైనులో గోదావరి జిల్లాల వాళ్లు. రోడ్డు వెడల్పు పట్టున పది అడుగులుండదు. కాని అటునుంచి ఇటు చూస్తే చాలా దూరం కనిపించేది.

మొదట్లో ఈ దూరం లేదు. ఎయిర్‌పోర్టు పునాదులు తవ్వే రోజుల్లో, 2005లో, రెండు లైన్లూ రేకులే. జంగమ్మ దేవరకద్ర అవతలి పల్లె నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చిన నెలలోనే నాగరత్నం గోదావరి ఒడ్డు నుంచి గిన్నెల మూటతో వచ్చింది. ఆమె భర్త వీర్రాజు టిప్పర్ డ్రైవరు. పక్కపక్క గుడిసెలు. స్నానానికి ఇద్దరికీ ఒక్కటే తడక. ఒకరు పోసుకుంటుంటే ఇంకొకరు బయట కాపలా. జంగమ్మ జొన్నరొట్టె ఇస్తే నాగరత్నం నమలలేక చాయ్‌లో నానబెట్టి తినేది. నాగరత్నం రొయ్యపొట్టు వేయిస్తే జంగమ్మ ముక్కు మూసుకుని, ముక్కు మూసుకునే రెండు ముద్దలు ఎక్కువ తినేది.

2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచారు. జూన్ మొదట్లో లోపలి పనులకు మనుషుల్ని తీసుకోవడం మొదలైంది. తుడిచే పని, బండ్లు తోసే పని, తోటపని. మెడలో వేలాడే కార్డు ఇస్తారు, నెల జీతం ఇస్తారు. సరిగ్గా ఆ వారమే దక్షిణాన షాద్‌నగర్ దిక్కు మబ్బు పట్టింది. మృగశిర కార్తె. పాలమూరు వాళ్లు దాన్ని మిరుగం అంటారు. మిరుగానికి చినుకు పడితే విత్తనం భూమిలో పడాలి. ఆ మాట వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. రేకుల లైను మొత్తం తాళాలేసి, పిల్లల్నీ కోళ్లనీ చంకన పెట్టుకుని బస్సెక్కింది. దసరా దాటాక కందులూ జొన్నలూ మూటగట్టుకుని తిరిగొచ్చేసరికి కార్డులు అయిపోయాయి. జంగమ్మ తను ఇసుక మోసిన గేటు దగ్గరికి పోయి నిలబడితే కొత్త వాచ్‌మన్ ఎవరు నువ్వన్నాడు. లోపల తను మోసిన గచ్చు ఉందని చెప్పింది. ఉంటే ఉండనీ, కార్డు ఏదన్నాడు.

నాగరత్నం వాళ్లు ఏ మిరుగానికీ ఊరు పోలేదు. పోవడానికి వాళ్లకు భూమి లేదు. ఉన్న అరెకరం అమ్ముకునే వచ్చారు. వీర్రాజు అన్నగారు అప్పటికే ఒక పెద్ద కాంట్రాక్టరు దగ్గర మట్టిపని పట్టి ఉన్నాడు. ఆయన మాటసాయంతో వాళ్ల వాళ్లకు కార్డులొచ్చాయి. కార్డులొచ్చిన వాళ్లకు అన్నం కావాలి కాబట్టి నాగరత్నం మెస్సు పెట్టింది. మెస్సు మీద డాబా, డాబా మీద ఇంకో అంతస్తు. ఇందులో తెలివి ఎంత, అదృష్టం ఎంత, బావగారు ఎంత అన్నది విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

కాని విడదీసి చెప్పడానికి ఒక సంస్థ వచ్చింది.

అది రావడానికి పది రోజుల ముందు ట్యాంకర్ దగ్గర ఒక ముచ్చట జరిగింది. నిజానికి ఈ కథంతా అక్కడే చెడింది. బిందెలు పట్టుకుని పద్నాలుగు మంది ఆడవాళ్లు నిలబడి ఉండగా, నాగరత్నం తన బిందె నిండుతుంటే వెనక్కి తిరిగి అంది.

"జంగమ్మా, నిన్న కూరగాయలకని ఆటోలో పోతూ చూశాను. పసిదాన్ని మేకపిల్లని కట్టినట్టు కట్టేసుకున్నావేంటమ్మా? దారినపోయేవాళ్లు ఏమనుకుంటారు? ఇంట్లో చూసుకునే దిక్కు లేదనుకోరూ?"

ఆమె మంచికే అంది. మంచికే అన్న మాటకు జవాబు దొరకడం కష్టం. నోట్లో మాట ఎప్పుడూ తయారుగా ఉండే జంగమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు రోడ్డు మధ్య కలుపుతో పాటు రెండు ఎర్రపూల మొక్కలు కూడా వేళ్లతో సహా లేచొచ్చాయి. యాదయ్య చూసి, తనేమీ అంటించకుండానే ఇంత కోపం ఎక్కణ్నుంచి వచ్చిందా అని భయపడ్డాడు.

సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి ప్రియదర్శిని. నగరంలో చదువుకున్న పిల్ల. మాట మెత్తన, అట్టకు బిగించిన కాగితాలు లావు. రెండు లైన్లనూ తిరిగి చూసింది. రేకుల కింద ఎండకు నిలబడలేక, ఫ్యానున్న చోటని నాగరత్నం వరండాలో కూర్చుంది. రెండు లైన్ల ఆడవాళ్లనూ అక్కడికే రమ్మంది. "ఇది మీ గురించి తెలుసుకోవడానికేనండి, భయపడకండి" అంది. ఎందుకు తెలుసుకోవాలో చెప్పలేదు. బహుశా ఆ పిల్లకూ చెప్పి ఉండరు.

మొదట నాగరత్నం వంతు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నాలుగు రోజులు బస్సులు తిరిగితే ఐదో రోజు బంద్. ఎవరైనా రాసుకోవడానికి వస్తే మనకేమీ లేదని చెప్పు, కళ్లల్లో పడొద్దు అని వీర్రాజు ముందే హెచ్చరించి ఉన్నాడు.

"సొంత ఇల్లేనా అండీ?"

"కాదండి. మా బావగారి పేరు మీదుందండి."

"భూమి?"

"సెంటు కూడా లేదండి బాబూ."

"ఫ్రిజ్?"

"అబ్బే, మాకెక్కడిదండి!"

సరిగ్గా అప్పుడే లోపల ఫ్రిజ్ గుర్రుమని మొదలుపెట్టింది. ప్రియదర్శిని ఆ ఫ్రిజ్‌లోంచి వచ్చిన చల్లటి నీళ్లు తాగుతూనే 'లేదు' అని రాసుకుంది. పాపం, కాగితంలో చెప్పింది రాయమనే ఉంది, విన్నది రాయమని లేదు.

"సంపాదించేవాళ్లు ఎంతమంది?"

"ఆయనొక్కరేనండి."

"మరి మెస్సు?"

"నలుగురికి ఇంత అన్నం పెట్టడమండి అది. దాన్ని సంపాదనంటారా?"

తరువాత జంగమ్మ. అక్షితను ఒళ్లో పెట్టుకుని ఫ్యాను కింద కూర్చుంది. నాగరత్నం చాయ్ గ్లాసు చేతికిచ్చి, అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"మీకు భూమి ఉందా అమ్మా?"

"ఎందుకు లేదు? నాలుగెకరాలు."

"బోరు?"

"రెండున్నయి."

ఉన్నమాట నిజమే. రెండింటిలోనూ నీళ్లు లేవు. నీళ్లున్నాయా అని కాగితం అడగలేదు.

"సొంత ఇల్లు?"

"ఊర్లె పెద్దిల్లు."

పెద్దదే. పైకప్పు సగమే ఉంది.

"సంపాదించేవాళ్లు?"

"నలుగురం. అందరం కష్టపడ్తం."

"పశువులు?"

ఇక్కడ జంగమ్మ ఒక్క క్షణం ఆగింది. నాగరత్నం వైపు చూసింది.

"రెండు బర్లు."

వెనక కూర్చున్న పక్కింటి రాములమ్మ ముందుకు వంగి, "బర్లెక్కడియే, రెండేండ్ల కిందనే అమ్మితిరి గదా?" అని చెవిలో ఊదింది. జంగమ్మ చెయ్యి వెనక్కి పెట్టి ఆమె తొడ గిల్లింది.

"పగటిపూట పాపను చూసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా?"

 ట్యాంకర్ దగ్గర విన్న పద్నాలుగు మందిలో పది మంది ఇక్కడే ఉన్నారు. నాగరత్నం తల ఎత్తి చూసింది. ఒళ్లో పిల్లకు గౌను కొంచెం పైకి పోయి, నడుము చుట్టూ పేలిక ఒరిపిడికి నల్లబడిన గీత కనిపిస్తోంది. జంగమ్మ గౌను కిందికి లాగింది.

"ఎందుకు లేరు? ఇంటినిండ మందే ఉన్నరు."

ఆమె అలా దారి చూపించాక రేకుల లైను ఊరుకుంటుందా? రాములమ్మ తను మాత్రం ఎందుకు తగ్గాలని మూడు బర్లు చెప్పింది. ఆ తరువాతామె నాలుగు. ఆ పూట రేకుల లైను చెప్పిన పాడి పిండితే శంషాబాద్ మండలమంతా చిక్కటి చాయ్ తాగేది. అందరి ఇళ్లలోనూ పిల్లల్ని చూసుకునేవాళ్లు కిక్కిరిసిపోయారు.

మే నెలాఖరున పేలిక తెగింది.

పాత నూలుచీర, ఎండకూ చెమటకూ ఎప్పుడో చివికిపోయింది. విమానం నీడ గడ్డి మీద నుంచి రోడ్డు మీదికి జారింది. దాని వెంట అక్షిత జారింది. జంగమ్మకు నడుము అదరలేదు. పేలిక వదులుగా పడి ఉండటం చూసి తల తిప్పేసరికి టాక్సీ టైర్లు కీచుమన్నాయి. బండి పిల్లకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. పిల్ల నవ్వుతోంది, నీడ ఎటు పోయిందా అని చూస్తోంది. జంగమ్మ పిల్లను ఎత్తుకుని, వీపు మీద ఒక్కటి చరిచి, తరువాత అదే చేత్తో తన నెత్తి మీద రెండు బాదుకుని, గడ్డిలో కూలబడింది.

యాదయ్య వచ్చి టాక్సీని పంపేశాడు. ఆనక అన్నాడు. "అక్కా, నీ మీద నాకేం లేదు. సోమవారం సంది మాత్రం పోరితోని రాకు. పోరిని తెచ్చేదుంటే నువ్వు గూడ రాకు. ఏమన్న అయితే ఎవలు జవాబు చెప్తరు?"

"పోరిని యాడ పెట్టాలె యాదన్నా?"

"నాకేం ఎరుక!"

పని మానితే బియ్యానికి దారి లేదు. పిల్లను తాళం వేసిన రేకుల కింద వదిలితే సాయంత్రానికి మాడిపోతుంది. రాములమ్మకూ పనే, అందరికీ పనే. శుక్రవారం పొద్దంతా జంగమ్మకు కలుపు కనిపించలేదు.

ఆ సాయంత్రం రాములమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఓ జంగీ, ఇన్నవా? ఆ కాయితాలోళ్లు పిల్లలకు ఒక గది పెడుతున్నరంట. పొద్దుగాల ఇడిసిపెడితే పొద్దుగూకే దాంక ఒక ఆయమ్మ చూస్తదంట. పాలు, అన్నం, పండుకోను చాపలు. పన్నెండు మంది పిల్లలకు. రెండు లైన్లల్ల ఏది బాగ ఎనకబడ్డదో ఆ లైనుకంట. ఎల్లుండి మీటింగ్ పెట్టి చెప్తరంట."

"మనకుగాక ఇంకెవలికి వస్తది?" అంది జంగమ్మ. ఎదుటి డాబా వైపు, దాని మీది అంతస్తు వైపు, ఆ పైన ఉన్న నల్లటి నీళ్ల ట్యాంకు వైపు చూసి మళ్లీ అంది, "కండ్లున్నోళ్లెవలికైనా ఎరుకైతది గదా!" యాదయ్యకు ఫోన్ చేసి, సోమవారం నుంచి పోరి రాదని ఖరాఖండీగా చెప్పేసింది. ఆ వరండాలో తను చెప్పిన బర్లు ఆమెకు గుర్తు రాలేదు. అబద్ధం చెప్పినవాళ్లకు అది అంత త్వరగా గుర్తు రాదు. రాసుకున్నవాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది.

జూన్ మూడు ఆదివారం, మీటింగ్ నాగరత్నం డాబా పై అంతస్తులో. ముత్తయ్య కూడా ఇస్త్రీ లేని తెల్లచొక్కా వేసుకుని వచ్చి జంగమ్మ పక్కన కూర్చున్నాడు. సంస్థ పెద్దసారు నవీన్‌కుమార్ గోడకు ఒక పటం తగిలించాడు. పైన పెద్ద అక్షరాలతో 'రెండు వలస సముదాయాల సామాజిక ఆర్థిక స్థితిగతులు – ఒక పోలిక' అని ఉంది. ప్రియదర్శిని మూలన నిలబడింది.

"మాకే ఆశ్చర్యమేసిందమ్మా" అన్నాడు నవీన్‌కుమార్. "పైకి చూసి మోసపోకూడదని ఈ అధ్యయనం నేర్పింది. పాలమూరు కుటుంబాలకు ఇంటికి సగటున మూడున్నర ఎకరాలు, బోరు, పాడి ఉన్నాయి. ఇంటికి ముగ్గురు నలుగురు సంపాదిస్తున్నారు. గోదావరి నుంచి వచ్చినవారికి భూమి లేదు, సొంత ఇల్లు లేదు, సంపాదించే చెయ్యి ఒక్కటే. అన్నిటికన్నా ముఖ్యం, పాలమూరు వారిలో పిల్లల్ని చూసుకునే ఉమ్మడి కుటుంబం ఇంకా బతికుంది. ఇంటినిండా మనుషులున్నారు. ఈ విషయంలో వాళ్లను చూసి మనమంతా నేర్చుకోవాలి. చప్పట్లు!"

రెండు లైన్లూ బిత్తరపోయి చప్పట్లు కొట్టాయి.

ముత్తయ్య భార్య చెవి దగ్గరికి వంగి, "మనకు బర్లు ఎప్పుడొచ్చినయే?" అని ఎంతో ఆశగా అడిగాడు.

"కాబట్టి పిల్లల గది డాబాల లైనుకు ఇస్తున్నాం. నాగరత్నంగారు తమ కింది గదిని ఉచితంగా ఇచ్చారు."

నాగరత్నం తల వంచుకుని కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. జంగమ్మ లేచి నిలబడింది.

"సారూ, ఆ లెక్క తప్పు. మొత్తం తప్పు."

"ఏది తప్పమ్మా?"

"బోర్లు రెండున్నయి, రెండిట్ల దుమ్మే వస్తది. ఇల్లుంది, మీద కప్పు లేదు. బర్లు లేవు. నాకు లేవు, రాములమ్మకు లేవు, ఎవ్వలకు లేవు."

"నన్నెందుకు గుంజుతవే నడుమ?" అంది రాములమ్మ.

"ఇంటినిండ మంది గూడ లేరు. నేనొక్కదాన్నే ఉన్న. నా పోరిని నడుముకు కట్టుకుని రోడ్డు మీద కలుపు తీస్త. మొన్న పేలిక తెగి బండి కింద పడబోయింది."

నవీన్‌కుమార్ కాగితం తిరగేశాడు. "మరి మీరే చెప్పారు కదమ్మా? కింద మీ వేలిముద్ర కూడా ఉంది."

"చెప్పిన! అబద్ధమే చెప్పిన!" జంగమ్మ గొంతు పై అంతస్తు గోడలకు తగిలి తిరిగొచ్చింది. "మీరు ఎవలింట్ల కూసుని అడిగిండ్రు? ఈ అక్క ఇంట్ల. ఈ అక్క ఫ్యాను కింద, ఈ అక్క చాయ్ చేతుల పెట్టి, ఈ అక్క నిలవడి చూస్తుంటే, నీకేమున్నదని అడిగిండ్రు. నాకేం లేదు సారూ, నా పోరి మేకపిల్ల లెక్క కట్టేసి ఉంటదని చెప్పాల్నా? మీ ఇంటి ఆడోళ్లు చెప్తరా గట్ల, పదిమందిల?"

జంగమ్మ నాగరత్నం వైపు చెయ్యి చాపింది.

"నేను, ఈ అక్క ఒక్క నెలల్నే వచ్చినం. ఒక్కటే తడక ఎనక తానం చేసినం. ఆమె వండింది, నేను మోసిన. ఇద్దరం గొడ్డు లెక్క చేసినం. ఆమెకు డాబా ఎట్లొచ్చింది, నాకు రేకు ఎట్ల మిగిలింది, మీ పటంల రాసి ఉందా? కార్డులిచ్చిననాడు మేం లేము. మిరుగానికి ఊరు పోయినం. ఇత్తనం ఏసొచ్చేసరికి దర్వాజ బందు వెట్టిండ్రు. గిన్ని అడిగిండ్రు గదా, ఫ్రిజ్ అడిగిండ్రు, బర్లు అడిగిండ్రు. మిరుగం అడిగిండ్రా?"

నవీన్‌కుమార్ నిజంగానే తెలియక అడిగాడు. "మిరుగం అంటే?"

రేకుల లైనులో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు జంగమ్మ తిట్లకన్నా ఘాటుగా ఉంది. సారు ముఖం ఎర్రబడింది. మూలన ప్రియదర్శిని అట్ట తీసి ఏదో రాసుకోబోయి, ఆయన చూపు పడి ఆగిపోయింది.

"చూడమ్మా, నివేదిక పై ఆఫీసుకు వెళ్లిపోయింది. ఇప్పుడు మార్చడం కుదరదు. వచ్చే ఏడాది మళ్లీ సర్వే ఉంటుంది. అప్పుడైనా నిజం చెప్పండి."

"వచ్చే ఏడు దాంక పోరిని యాడ పెట్టాలె? మీ పటానికి తగిలియ్యాల్నా?"

నవీన్‌కుమార్ గోడ మీది పటం తీయబోయాడు. జంగమ్మ నాగరత్నం వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పక్కా. ఆ ఫ్రిజ్ ఎవలిది?"

నాగరత్నం నోరు తెరిచింది. ముందు వరసలోంచి వీర్రాజు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె నోరు మూసుకుంది. జంగమ్మ ఒక్క క్షణం ఆగి చూసి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి మెట్లు దిగిపోయింది. ఆ చెప్పులు చేత్తో పట్టుకుని ముత్తయ్య వెనక వెనక నడిచాడు. "బర్ల సంగతి ముందుగాలనే నాకు చెప్పకపోతివి" అని దారంతా గొణిగాడు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి నాగరత్నం కింది గది తలుపు తీశారు. ఆయమ్మ గడప కడిగి ముగ్గు పెట్టింది. లోపల పన్నెండు కొత్త చాపలు వరసగా పరిచి ఉన్నాయి. మూడిటి మీద పిల్లలున్నారు. ఒకడు నాగరత్నం మనవడు. మిగతా తొమ్మిదీ ఖాళీ. డాబాల లైనులో అవసరమున్న పిల్లలు అంతమందే.

జంగమ్మ అక్షితను చంకనెత్తుకుని వచ్చింది. వెనక రాములమ్మ. ఆమె వెనక రేకుల లైను తల్లులూ అవ్వలూ, మొత్తం తొమ్మిది మంది పిల్లలతో. ఏడుపులు, ముక్కులు, కాటుకలు.

"మీ లైను పేర్లు లేవమ్మా" అంది ఆయమ్మ అడ్డంగా నిలబడి.

"లేకుంటే రాస్కో."

"సారు తిడతారు తల్లీ."

"సారును రమ్మను. మేం ఉన్నోళ్లం గదా, మా బర్లను పిండుకోవాలె, మాకు టైం లేదు. పిల్లల్ని నీ గడపల కూసోవెట్టి పోతం. ఆకలైతే ఏడుస్తరు. ఖాళీ చాపలు నువ్వే చూసుకుంట కూసో."

గొడవ విని నాగరత్నం మెస్సులోంచి గరిటెతోనే వచ్చింది. రాత్రి నిద్రపోయిన ముఖం కాదది. ఖాళీ చాపల్ని చూసింది, గుమ్మంలో పిల్లల్ని చూసింది.

"ఆయమ్మా, రానియ్యి. అందరికీ మా ఇంటి నంబరు వేసి రాసెయ్యి. డాబాల లైనే కదా, ఎవరడుగుతారు?"

తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. రాములమ్మ అప్పటికే తన మనవణ్ని లోపలికి తోసేసింది.

"ఆగుర్రి!" అంది జంగమ్మ. "నీ ఇంటి నంబరు వద్దక్కా."

"అదేం పట్టుదలే? పిల్ల ఒక చోట పడాలా వద్దా?"

"పడాలె. నా పేరు మీదనే పడాలె. ఒక్క అబద్ధం చెప్పి నెల దినాలకు బండి కిందికి తెచ్చుకున్న. ఇయ్యాల నీ నంబరు రాస్తే, వచ్చే ఏడు ఆ సారొచ్చి మల్ల సదువుతడు. డాబాల లైనుల పన్నెండు మంది పిల్లలు, రేకుల లైనుల ఒక్కరు లేరు, ఆ గది వాళ్లకే కావాలె అంటడు. మమ్ముల చూసి నేర్చుకోమని ఇంకోసారి చప్పట్లు కొట్టిస్తడు. రేకుల లైను అని రాస్తే రాయి. లేకుంటే పోరిని మల్ల కట్టుకపోత. ఈసారి సైకిల్ ట్యూబ్ తోని కడ్త, తెగది."

 నాగరత్నం గరిటె ఆయమ్మ చేతిలో పెట్టి, రవికెలోంచి ఫోన్ తీసింది.

"నవీన్‌గారాండీ? నాగరత్నాన్నండి. గది నాదండి. రేకుల లైను పిల్లల్ని వాళ్ల పేర్లతో, వాళ్ల లైనుతో రాసుకుంటే గది ఉంటుందండి. కుదరదంటే చెప్పండి, మధ్యాహ్నానికి ఉల్లిపాయలు పోసుకుంటాను, మెస్సుకు చోటు చాలట్లేదు... ఆఁ... అదేదో మీ పైవాళ్లకి మీరే చెప్పుకోండి." ఒక్క క్షణం ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లను చూడకుండా గోడకేసి తిరిగి గొంతు తగ్గించింది. "ఇంకోటండి. మీ కాగితంలో మాకు ఫ్రిజ్ లేదని ఉంటుంది చూడండి. ఉందండి. రెండు తలుపులది."

రేకుల లైను పడి పడి నవ్వింది. జంగమ్మ నవ్వలేదు.

"గీ మాట నిన్న చెప్పొద్దా?"

"మా ఆయన ఉన్నారు కదే ఎదురుగా."

"నాకు మొగడు లేడా ఎదురుంగ?"

నాగరత్నం గరిటె తీసుకుని లోపలికి పోయింది. ఆయమ్మ అక్షిత పేరు రాసి, పక్కన 'రేకుల లైను' అని రాసింది. జంగమ్మకు చదువు రాదు. రాములమ్మ మనవరాలొకతె ఏడో తరగతి. దానిచేత రెండుసార్లు చదివించుకుని గాని కదల్లేదు.

తొమ్మిదిన్నరకు ఆమె రోడ్డు మధ్య గడ్డిలో ఉంది. వరసలో చివరే కూర్చుంది, అలవాటు. రెండు జానల మేర కలుపు తీసి ముందుకు జరిగే ముందు ఆగేది, వెనక పిల్ల జరిగిందా అని. నడుము దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేది. ఏమీ ఉండేది కాదు. దానికి కూడా కోపమొచ్చేది.

మధ్యాహ్నానికి షాద్‌నగర్ దిక్కు నుంచి మొదటి మబ్బు లేచింది. వరసలో అందరూ ఒకేసారి తలెత్తి అటు చూశారు. నాలుగు రోజుల్లో మిరుగం.

"బస్సుకు ఎప్పుడు పోదమే?" అంది రాములమ్మ. "శుక్రవారమా?"

జంగమ్మ మబ్బు వైపు చాలాసేపు చూసింది. కందులు పోసే వేళ భూమి వాసన ఎలా ఉంటుందో ఆమెకు ఇక్కణ్నుంచే తెలుస్తోంది.

"నేను పోను."

"ఏందే? మిరుగానికి పోవా?"

"పోతే చాపలు ఖాళీగున్నయని రాస్కుంటరు. పోయినసారి దర్వాజ ఎట్ల బందు వెట్టిండ్రో మరిచినవా? నువ్వు గూడ పోకు."

"మరి భూమి?"

"ఈ ఏడు పడావు వెడ్త, ఇత్తనం ఎయ్య." జంగమ్మ వంగి ఒక గరికపోచను మొదట్లో పట్టుకుంది. అది రాలేదు. రెండు చేతులా పట్టి లాగింది. జానెడు వేరుతో, మట్టిపెళ్లతో సహా ఊడి వచ్చింది. "నాలుగెకరాలున్నయని రాస్కున్నరు గదా. ఉండనీ. కాయితంలనే పండనీ."

మన్ను దులిపి, ఆ వేరును ఇంకో రెండు తిట్లు తిట్టి, గంపలో వేసింది.